అన్ని తుపాకులకూ ఒక్క బ్రష్షు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా రైఫిల్ క్లబ్బు ప్రెసిడెంటు రామమోహనరావు గారికి, వేదిక మీది పెద్దలకు, మన్సూరాబాద్ కాలనీ మిత్రులకు, ఇవాళ కోచ్‌గా విరమణ తీసుకుంటున్న మా విజయదుర్గ మేడంకు నమస్కారం. నా పేరు సంధ్యారాణి, మేడం దగ్గర షూటింగ్ నేర్చుకున్న. రెండు ముక్కలు మాట్లాడి కూర్చోమన్నరు గని, మైకు చేతికొచ్చినంక ఎవరు కూర్చుంటరు? (నవ్వులు)

ఇప్పటిదాంక మాట్లాడినోళ్లంత మేడం ఓపికను పొగిడిన్రు. ఆ ఓపిక తెగినంత పనైన దినం గురించి నేను చెప్త. ప్రెసిడెంటు సారు, మీరు జర మంచినీళ్లు తాగుండ్రి.

రాష్ట్ర పోటీల ముందురోజు సారుకు మా మీద ప్రేమ పొంగి, తుపాకులు శుభ్రం చేసే కిట్టు ఆన్‌లైన్‌ల తెప్పించిన్రు. డబ్బా మీద 'అన్ని రైఫిళ్లకూ' అని రాసుండె. అండ్ల బలంగ కనబడ్డ ఇత్తడి బ్రష్షుకు నూనె పూసి, సన్నగుండే నా ఎయిర్ రైఫిల్ గొట్టంలకు దిగ్గొట్టిన్రు. దిగింది, మళ్ల రాలే. సారు గుంజిన్రు, సారును పట్టుకొని మా వాచ్‌మన్ జానయ్య గుంజిండు. కాడ ఊడొచ్చింది, బ్రష్షు లోపల్నే ఉన్నది. (నవ్వులు)

మేడం వచ్చి చూసిన్రు.

"రామమోహనరావు గారూ, మీ ఇంట్లో అందరికీ ఒకే సైజు చెప్పులు కొంటారాండీ?"

"అదీ... డబ్బా మీద అలా రాశాడండీ."

"బ్రష్షు గొట్టం కొలతకి సరిపోవాలి కదండీ! మందు పేలే రైఫిళ్లకి మసి పడుతుంది, వాటికి బ్రష్షూ, మసి కరిగించే ద్రావకమూ కావాలి. గాలితో పేలేదానికి మసెక్కడిదండీ? మెత్తటి ఫెల్టు ముక్క తోస్తే చాలు."

మసి సారు మొఖానికే ఉండె. (నవ్వులు)

బ్రష్షు బయటికొచ్చేటాళ్లకు గొట్టం లోపలంత గీతలు. తెల్లారితే మ్యాచ్, నాకు ఏడుపాగలే. మేడం పోయి తన రైఫిల్ తెచ్చిన్రు. దాంతోనే ఆమె కూడ పెద్దల విభాగంల ఆడాలె. ఏండ్ల సంది తన భుజానికి, చెంపకు కుదుర్చుకున్న తుపాకి వెనక కట్టెను, స్క్రూలు విప్పి నా ఎత్తుకు మార్చిన్రు.

"మరి మీకెట్ల మేడం?"

"మళ్ళీ బిగించుకుంటాలేమ్మా. నువ్వు కళ్ళు తుడుచుకో, గురి కనపడదు."

బిగించుకునే టైమ్ దొరకలే. నా ఆట అయిపోవుడు, ఆమెను పిలుచుడు ఒక్కపారే. నా కొలతకున్న తుపాకితోని మెడ వంకర పెట్టి ఆడి, మేడం అందరికంటె ఆఖరుకొచ్చిన్రు. నాకు బ్రాంజ్ మెడల్ వచ్చింది. (చప్పట్లు)

మ్యాచ్ చూడనీకి మా అమ్మ ముత్తమ్మ ఊరి నుంచొచ్చింది. ఎగురుకుంట నన్ను పట్టుకున్న మేడంను చూసి, "ఓడిపోతివి గదమ్మా, గింత సంబురమేంది?" అని మొఖం మీదనే అడిగింది.

"ఏడవడానికి రేపుందండీ," అన్నరు మేడం. "ఇవాళ మన పిల్ల గెలిచింది."

మేడం, రేపటి సంది మీరు క్లబ్బుకు రారు. నాకూ ఏడ్వనీకి రేపున్నది. ఇయ్యాల మాత్రం నా సొద ఓపిగ్గ విన్న అందరికీ శనార్తులు చెప్పి, మేడం కాళ్లకు మొక్కి, మైకు వదుల్తున్న. సెలవు.