అమ్మవారి పటం వెనుక ఆదివారం

వెయ్యిన్ని తొమ్మిది వందల డెబ్బై ఆరు జూన్ పధ్నాలుగవ తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల యాభై నిమిషాలకు జలంత్రకోట వాస్తవ్యులు శ్రీ కూర్మారావు గారు పలాసలోని మా జీడిపప్పు కర్మాగారంలో సహాయ మెకానిక్కుగా పదవీ స్వీకారం చేశారు. ఎనిమిదింటికి రమ్మంటే పది నిమిషాల ముందే వచ్చారని హాజరుపట్టీలో రాసినవాణ్ణి నేనే. టైం ఆఫీసు కిటికీ వెనుక కూర్చుని, ఎవరు వేళకు వచ్చారో, ఎవరు వేళకు ముందే జారుకున్నారో ముప్పై రెండేళ్లుగా కనిపెడుతున్న నా కంటికి, వారు ఆలస్యంగా వచ్చిన రోజు ఒక్కటీ చిక్కలేదు. చిక్కితే వదిలేవాణ్ణి కానని ఈ వీడ్కోలు సంచిక చదువుతున్న మీ అందరికీ స్వానుభవమే.

ఎనభై మూడులో మెకానిక్కుగానూ, తొంభై ఒకటిలో ప్రధాన మెకానిక్కుగానూ వారు పదోన్నతి పొందారు. గింజలు కొట్టే చేతిమిషన్ల స్ప్రింగులు విరిగినప్పుడల్లా కొత్తవాటి కోసం విశాఖపట్నం దిక్కు చూడకుండా, పాత సైకిల్ సామానుతో తామే తయారుచేసి బిగించారు. వారి శ్రీమతి ప్రమోదిని గారు పంపే క్యారేజీలో నాలుగో గిన్నె ఎప్పుడూ పక్కవారిదే. ఆ పక్కవాణ్ణి చాలాకాలం నేనే కాబట్టి ఈ విషయంలో సాక్ష్యం బలమైనది.

తొంభై అయిదులో పప్పు ఆరబెట్టే కరెంటు యంత్రం వచ్చింది. గది అంత ఇనుప పెట్టె. ఉదయం ఆరింటికి దానంతటదే వేడెక్కుతుంది, సాయంత్రం దానంతటదే చల్లారుతుంది, ఆదివారం నోరు మెదపదు. ఇన్ని తెలివితేటలూ పక్కగోడకు బిగించిన చిన్న డబ్బాలో ఉన్నాయని బిగించినవారు చెప్పి వెళ్లారు. తరువాత ఆ కంపెనీయే మూతపడింది. ఆ ఏడు దసరా ఆయుధపూజకు, డబ్బా మీద సరిగ్గా సరిపోయేలా అమ్మవారి పటం వెలసింది. నాటినుంచి అందరం పటానికి దండం పెట్టుకున్నాం, డబ్బాను మరిచాం.

తొంభై తొమ్మిది నవంబరులో సరుకు కొనే విదేశీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే ఏడాదిని రెండంకెల్లో గుర్తుపెట్టుకునే యంత్రాలు సున్నా సున్నా చూసి పందొమ్మిది వందల సంవత్సరం అనుకుని తికమక పడతాయట. కాబట్టి ప్రతి పరికరాన్నీ పరీక్షించి, చీటీ అంటించి, బాధ్యుడు సంతకం చేసి పంపాలట. కూర్మారావు గారు నూట నలభై రెండు చేతిమిషన్లను, మూడు కాటాలను పరీక్షించి చీటీలు అంటించారు. వాచ్‌మన్ తవిటయ్య సైకిల్ కూడా ఉత్తీర్ణమైంది. పప్పు తొక్క తీసే విభాగానికి పెద్దదిక్కయిన పోలమ్మ తన చాకు తీసుకొచ్చి, “దీనికీ అంటించీయండి బాబూ, కొత్త యేడులో తెగుతాదో లేదో!” అంది. దానికీ అంటించారు. పటం జోలికి మాత్రం పోలేదు. జాబితా చివర సంతకం చేశారు.

జనవరి ఒకటి, శనివారం. యంత్రం యథావిధిగా నడిచింది. మిఠాయిలు పంచుకున్నాం. మర్నాడు ఆదివారం తెల్లవారి ఆరింటికి, పురుగు కూడా లేని కర్మాగారంలో యంత్రం తనంతట తానే గర్జించింది. తవిటయ్య, చీటీ పడిన ఆ సైకిల్ మీద ఏకబిగిన కాశీబుగ్గ వచ్చి, మా ఇంటి తలుపు బాదాడు. “పంతులుగారో! మిషన్‌కి దెయ్యం పట్టీసినాది!” అది దెయ్యం కాదని శుక్రవారం తేలింది. ఓడకు వెళ్లవలసిన పప్పు పచ్చిగా ఉండగా, యంత్రం ఉలుకూ పలుకూ లేక కూర్చుంది. పందొమ్మిది వందల సంవత్సరపు దాని లెక్కలో ఆ వేళ ఆదివారం!

యజమాని వైకుంఠరావు గారు అందరినీ యంత్రం దగ్గరికే పిలిచారు.

“ఈ సంతకం నీదేనా?”

“నాదే బాబూ.”

“డబ్బా సూసే ఎట్టినావా?”

“సూడనేదు బాబూ.”

“దాని మీద పటం ఎవుడు తగిలించినాడు?”

అందరం నేల చూపులు చూశాం. కూర్మారావు గారు తల ఎత్తే ఉంచారు. “పటం ఎవరెట్టినా సంతకం నాది బాబూ.”

“అయితే ఇను. సోమారంలోగా ఇది దారికి రాకపోతే నువ్వు ఇంటికెల్లిపో.”

ఇరవై మూడేళ్ల ఉద్యోగం మూడు రోజుల గడువులో పడింది! కూర్మారావు గారు కర్పూరం వెలిగించి, లెంపలు వేసుకుని, పటం దింపి డబ్బా విప్పారు. తేదీ మార్చవచ్చు గానీ వారం మార్చే మీట లేదు. వారాన్ని అదే లెక్క కట్టుకుంటుంది. రెండువేల సంవత్సరమనేది దాని బుర్రలోనే లేదు. పోలమ్మ అరవై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. “దానికి సుక్కురారం ఆదివారమైతే మాకూ అదే ఆదివారం. ఆ రోజే సెలవు తీసుకుంటాం. మీరెల్లిపోతే ఊరుకుంటామేటి?”

కూర్మారావు గారి కళ్లు తడి అయ్యాయి. “పిల్లలు ఇంటికాడ ఉండీది ఆదివారమే గదమ్మా. నా తప్పుకి మీకేటి సిచ్చ? వొద్దు.”

శనివారం పొద్దున్నే పోలమ్మ చంకలో కాగితం చుట్టతో వచ్చింది. అది పందొమ్మిది వందల డెబ్బై రెండు నాటి కాలెండరు. అప్పన్న స్వామి బొమ్మ ఉందని పారెయ్యడానికి చేతులు రాక, ఇరవై ఎనిమిదేళ్లుగా గోడకే ఉంచింది. కర్మాగారం పంచిన కొత్త కాలెండరును దాని పక్కన తగిలించి చూసిందట. “సూడండి బాబూ, ఒకటో తారీకు సనివారం, ఇక్కడా సనివారమే. పిబ్రవరికి ఇరవైతొమ్మిది, దీనికీ ఇరవైతొమ్మిదే. వారాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి!” కూర్మారావు గారు పన్నెండు నెలలూ వేలు పెట్టి సరిచూసి, యంత్రాన్ని డెబ్బై రెండుకు తిప్పారు.

ఆదివారం ఉదయం ఆరింటికి, సెలవు రోజున, కర్మాగారమంతా యంత్రం ముందు గుమిగూడింది. ఆరైంది. ఆరుంబావు అయింది. చిన్న చప్పుడు లేదు. ఒక యంత్రం పని చెయ్యనందుకు ఇంతమంది చప్పట్లు కొట్టి ఈలలు వేయడం ఈ ప్రాంతంలో అదే ప్రథమమై ఉంటుంది. సోమవారం అది బుద్ధిగా వేడెక్కాక యజమాని గారు కూర్మారావు గారి భుజం తట్టి వెళ్లిపోయారు.

అంతటితో సరేనని ఊరుకునే మనిషి కారే! నా చేత సవరణ ఉత్తరం రాయించారు: “సదరు యంత్రమును పరీక్షించకయే సంతకము చేసితిని. అది ప్రస్తుతము పందొమ్మిది వందల డెబ్బై రెండులో ఉన్నది. క్షేమముగా ఉన్నది.” పప్పు డబ్బాల మీద మాత్రం అసలు సంవత్సరం వేయండని కొనేవారు జవాబిచ్చారు.

ఇక్కడితో ముగిస్తే ఈ వ్యాసానికి మర్యాదగా ఉండేది. కానీ వారు ఇవాళ, రెండువేల ఎనిమిది మే ముప్పై ఒకటిన, పదవీ విరమణ చేసి వెళ్లిపోతున్నారు. మేకు కొట్టి ఆ పటం తగిలించినవాణ్ణి నేను. “పంతులుగారూ, ఎనకాల డబ్బా ఉంది గదా, సూడొద్దా?” అని సంతకానికి ముందు వారు అడిగితే, “అమ్మవారిని కదిపితే మహాపాపం, సంతకం పెట్టెయ్యవయ్యా” అన్నవాణ్ణీ నేనే. అది వారికి తెలుసు, నాకు తెలుసు. వారు తమ ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నా పేరు ఎత్తలేదు. తరువాత ఎనిమిదేళ్లలో ఒక్కనాడు, ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనలేదు. యజమాని నిలదీసిన మర్నాటి మధ్యాహ్నం కూడా నాలుగో గిన్నె ఎప్పటిలాగే నా ముందుకు జరిపారు. ఇంతకాలం నోరు విప్పలేని పిరికివాణ్ణి, అందరూ చదివేచోట ఇప్పుడు చెబుతున్నాను: ఆ సంతకం కింద ఉండవలసిన పేరు నాది.

కూర్మారావు గారూ, క్షమించండి. శ్రీమతి ప్రమోదిని గారితో కలిసి, మోకాళ్ల నొప్పులు లేకుండా, కంటిచూపు తగ్గకుండా, మీరు నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి. రేపటినుంచి ఎనిమిదింటికి పది నిమిషాల ముందు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, హాయిగా పడుకోండి.

మీ
వేంకటాచలం,
టైం ఆఫీసు