బొంబాయి నుంచి వచ్చిన టాపు

"నానమ్మా, తాత చేసిన కారుకు టాపు బొంబాయి నుంచి తెప్పిచ్చిండంట గద? నాయిన చెప్పిండు."

ఏమన్నవ్? బొంబాయి నుంచా? మీ నాయిన చెప్పిండా? అగో, ఇంక గదే చెప్పుకుంట తిరుగుతుండా ఆయన! కూసో. ఇట్ల దగ్గరికొచ్చి కూసో. ఆ ఫ్యాన్ జర పెంచు ముందుగాల. బొంబాయి నేను ఎన్నడన్న సూసిన్నా బిడ్డా? మన దబీర్‌పురా దాటి పోయిందే తక్కువ నేను. ఆ టాపు గీ చేతులతోని కుట్టిన. సూడు, ఈ వేలు గోరు వంకర లేదా? మందం సూది దిగింది దీంట్ల. కట్టు కట్టుకొని మళ్ల కుట్టిన.

మొదటి సంది చెప్తా ఇను. మీ తాత సర్కారీ ఫ్యాక్టరీల ఫిట్టరు, ఎర్కనే గద నీకు. రిటైరైనంక చేతులు ఊకుంటలేవు ఆయనకు. ఎక్కడ సూసిండో ఏమో, కిట్ కారు అని ఒకటి పట్టిండు. అంటే కారు కాదు, కారు ముక్కలు. మూతి ఒక డబ్బల, తలుపులు ఒక డబ్బల వస్తయి, మనమే జోడిచ్చుకోవాలె. ఇంజను ఏదో పాత కారుది దొర్కిచ్చిండు. గల్లీల ఇంటి ముంగటనే పెట్టి మొదలు పెట్టిండు. ఆటోలోళ్లు దారి ఇడువుమని రోజు లొల్లి, "చాచా, రాస్తా ఛోడో" అని. ఈయన ఇంటేనా! మీ నాయినకు అప్పటికి పెండ్లి కాలే. తండ్రీ కొడుకులు ఇద్దరు పొద్దుమూకులు దాని కిందనే పండుకునేటోళ్లు. నేను అన్నం పళ్లాలు అక్కడికే మోసిన. మా అక్క ఒకసారి వరంగల్ నుంచి వచ్చి సూసి, "ఏందే, నీ మొగడు కారు చేస్తుండా, కారే ఆయనను చేస్తుందా" అని నవ్వింది. మా అక్కకు మాట మస్తు వస్తుండె. ఇప్పుడు లేదు పాపం.

ఆఁ, ఏం చెప్తున్న... టాపు. రెండే సీట్లు దానికి. పైన ఏం లేదు, ఆకాశమే. వానొస్తే ఎట్ల? మడిచే టాపు కావాలె, ఎండకు వానకు ఏసుకోవాలె, సల్లపొద్దుకు తియ్యాలె. మీ తాత రెగ్జిను ఏద్దామన్నడు, నల్లగ మెరుస్తదని. నేనే వద్దన్న. మన ఆటోల సీట్లు సూస్తలేమా? రెండు ఎండకాలాలకు పలిగిపోతది, కూసుంటే కాలుతది, వాసన. కాన్వాసు తీస్కుందాం, గాలన్న ఆడుతది అన్న. ఎట్లనో ఒప్పుకుండు.

చార్మినార్ దిక్కు తాడిపత్రీలు, గుడారం గుడ్డలు అమ్మే దుకాన్‌కు పోయినం ఇద్దరం. దుకానాయన నా దిక్కు సూస్తనే లేడు. "భాయ్‌సాబ్, ఏ దేఖియే" అనుకుంట అన్నీ ఆయన ముంగటనే పరుస్తుండు. నేను పక్కకెంచి ఒక్కొక్కటి రెండు వేళ్ల నడుమ పట్టి నలిపిన. గంజి పెట్టిన గుడ్డైతే పొడి రాలుతది, అది పక్కకు. నీళ్ల చుక్క ఏసి సూసిన, ఎంటనే ఇంకితే అది గూడ పక్కకు. ఆఖరికి బెల్లం రంగుది ఒకటి తీసిన. గట్టిగున్నది, మెత్తగున్నది. ఆ రోజు వచ్చేటప్పుడు నాకు ఎర్ర గాజులు కొనిచ్చిండు మీ తాత. నిజం చెప్పాలె గద. చెడ్డోడు అని నేను అంటలేను.

ఇంటికొచ్చినంక ఆయన పైపులు వంచి కమ్మీలు నిలబెట్టిండు. నేను నా పాత చీర తెచ్చి ఆ కమ్మీల మీద కప్పి, సుద్దతోని గీతలు గీసిన. నడిమి గీత ముందుగాల, ఎన్కశీరి పక్కలకు. లోపలికెంచి గూడ సూడాలె, యాడ ముడుత పడుతుందో బయటికి కనిపియ్యదు. అందుకని సీట్ల కూసుని గీసిన. ఒక్కసారి కాదు, మస్తు సార్లు కూసున్న ఆ కార్ల. గాని నేను కూసున్నప్పుడు అది ఎన్నడు కదల్లే బిడ్డా. ఒకసారి అడిగిన, జర అట్ల స్టేషన్ దాంక తిప్పుకరా అని. "ఇంక బ్రేకులు సూడాలె" అన్నడు. గదే సాయంత్రం మీ నాయినను ఎక్కిచ్చుకొని పోయిండు.

సరే పోనీ. ఇగ కత్తెర పెట్టే యాళ్లకు నేను చెప్పిన, గుడ్డను ఒక దినం నానబెట్టి ఎండేస్త, అప్పుడు కోస్త అని. నీకు ఎర్కనే గద, జాకెట్ల లైనింగు నానబెట్టకుండ కుడతమా? చీర ఫాలు నానబెట్టకుండ ఏస్తమా? మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. కొత్త నూలు గుడ్డ నీళ్లు తాగినంక గుంజుకుంటది. ముందే తాగిపియ్యాలె. మన గల్లీల సంచులు కుట్టే సత్తార్ భాయ్ దగ్గర సూది దారం తెచ్చుకుంటే ఆయన గూడ గదే చెప్పిండు, "ఆపా, పహ్లే భిగోకే సుఖాలో" అని.

మీ తాత ఇనలే. వచ్చే ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద ఇసువంటి కార్లోళ్లు అందరు కలుస్తరంట. "గుడ్డకు తానం ఎందుకే, కుట్టు జల్ది" అన్నడు. కుట్టిన. నా బుద్ధి గడ్డి తినలే, నేను చెప్పిన గద? చెప్పినంక గూడ కుట్టుమంటే ఏం జేస్త. అంచులకు టిచ్ బటన్లు కొట్టి బిగిచ్చినం. మంచిగనే కూసున్నది, ఎండకు.

ఆదివారం అక్కడ వాన పడ్డది. గుడ్డ గుంజుకున్నది. టిచ్ బటన్లు పటపట ఊడిపోయినయంట, ముంగట అంచు చినిగిందంట. అందరు సూస్తున్నరు. అప్పుడు మీ తాత ఏమన్నడో ఎర్కేనా? "మా ఇంటామె కుట్టింది భాయ్, ఇంట్ల పని ఇంతే ఉంటది" అన్నడంట. మీ నాయిన పక్కనే ఉండె. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు నాకు. తలకాయ తుడుసుకుంట, నవ్వుకుంట.

మళ్ల గుడ్డ తెప్పిచ్చిన, గదే రంగు. ఈసారి ఎవ్వరిని అడగలే. డాబా మీద పెద్ద టబ్బుల నానేసిన, పిండకుండ తీగ మీద ఆరేసిన, ఇస్త్రీ గూడ చేసిన. మన తొక్కుడు మిషను మోటగుడ్డకు తొక్కితే కదలదు, చక్రం చేత్తోని తిప్పుకుంట కుట్టిన. కుట్టు కుట్టుకు మైనం రాసిన, నీళ్లు దిగకుండ. ఎన్క అద్దం లెక్క ప్లాస్టిక్ షీటు పెట్టిన. బిగిస్తే డప్పు లెక్క కూసున్నది బిడ్డా! ఆ యేడు ఎన్ని వానలు పడ్డయో, ఒక్క చుక్క లోపలికి రాలే.

ఇగ మొదలైంది సూసేటోళ్ల రాకడ. ఒకనాడు నలుగురైదుగురు వచ్చిండ్రు, నేను చాయ్ పట్టుకొని పర్ద దాంక వచ్చిన. "టాపు ఎక్కడిది సాబ్, మస్తున్నది" అన్నడు ఒకాయన. "బొంబాయి. కంపెనీది. స్పెషల్‌గ చెప్పి తెప్పిచ్చిన" అన్నడు మీ తాత. తడబడకుండ అన్నడు. చాయ్ కప్పులు వాళ్ల చేతికిచ్చి లోపలికొచ్చిన. వాళ్లు పోయినంక అడిగిన, ఎందుకట్ల చెప్పినవ్ అని. "మురిసిపోయిండ్రు గదనే, ఏం పోయింది నీది?" అన్నడు.

ఏం పోయింది? నువ్వే చెప్పు. చినిగినప్పుడు నాది. మంచిగున్నప్పుడు బొంబాయిది. నాకు గుండెల మంట పుట్టింది ఆ మాటకు, ఇప్పటికి ఆరలే. దవాఖానల ఉన్నప్పుడు గూడ అడిగిన ఆయనను. ఒక్కసారి, ఒక్కరికన్న చెప్పు, అది నేను కుట్టిన అని. "అందరికి ఎర్కనే గద" అన్నడు కండ్లు మూసుకొని. ఎవ్వరికి ఎర్క? ఎవ్వరికి ఎర్క లేకుండనే పోయిండు.

మొన్న ఎండకాలం కారు అమ్మినం గద, నువ్వు కాలేజికి పోయినవ్ ఆ రోజు. కొనేటాయన వచ్చిండు, కుర్రోడే. కారంత సూసి, టాపు కాడ ఆగిండు. కుట్లు వేలుతోని తడిమి సూసిండు. మెల్లగ, మంచిగ సూసిండు. "ఎవరు చేసిండ్రు ఇది?" అని నన్నే అడిగిండు బిడ్డా, నా ముఖం సూసి. అన్ని యేండ్లకు ఒకరు అడిగిండ్రు. నేను నోరు తెరిచిన, "అది నేను..." అన్ననో లేదో, మీ నాయిన ఎన్కకెంచి, "బొంబాయిది సార్, కంపెనీది" అన్నడు.

తర్వాత లోపలికొచ్చి, "ఇంట్ల కుట్టింది అంటే రేటు దిగుతది గద అమ్మా" అన్నడు. కోపంగ గూడ కాదు. మామూలుగ. నా భుజం మీద చెయ్యేసి అన్నడు. నేను కిటికీలకెంచి సూస్తున్న, ఆ పిల్లగాడు టాపు ఏసుకొని గల్లీ మలుపు తిరిగిండు.

ఇగ పోనియ్యి. పో, చదువుకో పో. నువ్వన్న సల్లగుండు బిడ్డా, నీ పని నీదని నలుగుట్ల చెప్పుకునే రోజు నీకు రావాలె. మీ నాయినకు మాత్రం చెప్పకు నేను ఇట్లన్ననని, బాధపడతడు...

కాదు. ఆగు. చెప్పు. నువ్వే చెప్పు ఆయనకు.