ఎబో పిలవని నీళ్ళు

ఏమన్నావూ? మళ్ళీ అను అరాబా. మొక్కజొన్న దొకొనో ముద్దల పిండిలో ఉప్పు ఎక్కువైందని మీ అత్తని పట్టుకుని "ఎబో లెక్క" అన్నావా లేదా? నవ్వకు. అందరూ అంటారులే, నాకు తెలీదా, ఈ ఊళ్ళో ఏది తప్పినా ఎబో లెక్కే. దర్జీ చొక్కా పొట్టిగా కుట్టాడా, ఎబో లెక్క. పెళ్ళికి పిలిచినవాళ్ళకి కూడు చాల్లేదా, ఎబో లెక్క. ఆ ఎబో ఎవడో నీకేమన్నా తెలుసా? అదే మరి. ఆ పీట ఇటు లాక్కో, నాకు ఆ పక్క చెవి పని చెయ్యదు.

ఎబో ఎసెల్ అని, మా నాన్న సావాసగాడు. మనిషి ఇంతే, పొట్టి. చేతులు మాత్రం, అబ్బో, బంతిలో కూచుంటే పక్కవాడి పళ్ళెంలోకి వెళ్ళిపోయేవి. మా అమ్మ అరిచేది, "ఒరే ఎబో, నీ చేతులు నీ దగ్గర పెట్టుకోరా" అని. "అవి సముద్రానికి కొలిచి కుట్టించినవి వదినా, నీ పళ్ళేనికి సరిపోవు" అనేవాడు. మా పడవకి నీళ్ళు పిలిచేది అతనే. ఏం పిలవడం అంటావేంటే? ఇప్పుడంటే పెట్టెలో అంకెలొస్తాయి. అప్పట్లో ఒకడు పడవ ముక్కున నిలబడి, సీసం గుండు కట్టిన తాడు వదులుతూ, గుండెల మీదుగా బారలు కొలుస్తూ, అడుగు తగలగానే ఆ నీటి పేరు గట్టిగా అరవాలి. అంకె కాదు, పేరు. గాల్లో అంకె వినపడి చావదు కదా. తెడ్డు నీరు, అంటే తెడ్డు దించితే ఇసక తగిలేది. తర్వాత పచ్చ నీరు. ఆ తర్వాత గవ్వ నీరు, గుండు కింద సబ్బు పూసేవాళ్ళు, దానికి గవ్వ ముక్కలు అంటుకొచ్చేవి. ఆపైన బంక నీరు, నల్ల బురద వచ్చేది. లంగరు పట్టే ఆఖరి నీరు అదే. దాన్ని దాటితే ఇంకోటుంది. తాడంతా అయిపోయినా అడుగు తగలని నీరు. దాని పేరా? ఉండవే, అంత తొందరేంటి.

ఆ పేరుకో కట్టడి ఉంది. సముద్రం ఎవరి ఇంటి మనిషినన్నా తీసుకుని శవం ఇవ్వలేదనుకో, ఏడాది తిరిగి కర్మ జరిగేదాకా ఆ ఇంటివాళ్ళ చెవిన ఆ పేరు పడకూడదు. పడితే రెండోవాణ్ణి కూడా అడుగుతుందంటారు. నవ్వుతావేం? మీ చదువులు మీవి. మా నాన్న పోయింది ఆ నీళ్ళలోనే. శవం రాలేదు. రెండు నెలలన్నా కాకముందే పడవెక్కాను నేను, ఇరవై రెండేళ్ళు, ఇంట్లో మీ నానమ్మ కడుపుతో ఉంది, ఎక్కక ఏం చేస్తాను? ఆ నీళ్ళు వచ్చినప్పుడల్లా ఎబో వెనక్కి తిరిగి, "ఫీఫీ, చెవులు మూసుకో నాన్నా" అనేవాడు. నేను రెండు చెవులూ మూసుకునేవాణ్ణి. అప్పుడు అరిచేవాడు. చుక్కాని పట్టే ఒటూ మా మేనమామేలే, వాడి నోటికి శుద్ధి లేదు, "మూసుకోరా పాపాయీ, బూచాడొస్తాడు" అనేవాడు. పడవంతా నవ్వు. పద్నాలుగు మంది. రోజూ అదే. ఒళ్ళు మండిపోయేది నాకు. మగాణ్ణి, పెళ్ళైనవాణ్ణి, నాన్న పోయినవాణ్ణి.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. దక్షిణాన నల్లగా కమ్ముకొచ్చింది. అలాంటి గాలి వచ్చేప్పుడు రెండే దారులు. బంక నీరైతే తెరచాప దించి, లంగరేసి, తలొంచుకు కూచోవాలి. దాటి ఉంటే లంగరు జోలికి పోకుండా చాప ఎత్తి ఒడ్డుకి పరిగెత్తాలి. ఏది చెయ్యాలన్నా ఎబో నోట్లోంచి రావాలి. ఒటూ కేకేశాడు, "ఏం నీళ్ళురా?" అని. ఎబో బారలు వదులుతున్నాడు, వదులుతున్నాడు, తాడంతా అయిపోయింది. వెనక్కి తిరిగాడు. "ఫీఫీ, చెవులు" అన్నాడు.

నేను మూసుకోలేదు.

వల మీద చేతులు పెట్టుకుని అతని మొహంలోకి చూస్తూ కూచున్నాను. అనుకో, చూద్దాం, అన్నట్టు. "ఫీఫీ, నాన్నా" అన్నాడు మళ్ళీ. అప్పటికే లేచిన గాలికి ఆ మాట చుక్కాని దాకా వినపడక, ఒటూ అక్కణ్ణుంచి బూతులు. ఎబో నోరు తెరిచాడు, నన్ను చూశాడు, ఆ మాట మింగేశాడు. "బంక నీరు!" అని అరిచాడు. అరిచి, ఒటూ చెవిలో నిజం చెప్దామనే అనుకుంటా, వలల మీదుగా పాక్కుంటూ వెనక్కి వెళ్ళబోయాడు. ఈలోగా చాప దించేశారు, లంగరు వదిలేశారు. దానికి కింద పట్టేందుకు ఏముంది? ఎబో ఇంకా వలల మీదే ఉన్నాడు, గాలొచ్చి పడింది, పడవ తిరగబడిపోయింది.

మర్నాటికి మేమిద్దరం మిగిలాం, నేనూ ఒటూ. వేరే ఊరి పడవవాళ్ళు ఏరుకొచ్చారు. ఒడ్డున జనం. ఒటూ ఒకటే మాట, "బంక నీరన్నాడు. లెక్క తప్పాడు. పన్నెండు మందిని చంపాడు" అని. వాడికి తెలిసింది అంతే మరి. తాడు అయిపోవడం దగ్గరుండి చూసింది నేనొక్కణ్ణే.

చెప్దామనే అనుకున్నానే. ఇవాళ, రేపు, కర్మ అయ్యాక అనుకున్నాను. పన్నెండిళ్ళు అరాబా. పన్నెండిళ్ళ ఆడవాళ్ళు చావుకి కట్టే ఎర్రబట్టలు కట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళ ముందు నిలబడి, నా పొగరు వల్ల అని ఎలా అంటాను? అప్పటికే పిల్లకాయలు అలల్లో గులకరాళ్ళు విసిరి "ఎబో లెక్క, ఎబో లెక్క" అంటూ ఆడుతున్నారు.

అతని పెళ్ళాం పేరు అబా. ఆమె దగ్గర ఎవరూ చేప కొనేవాళ్ళు కాదు. ఓ మంగళవారం, వేట ఉండదు కదా, వచ్చి ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబడింది. కూచోమంటే కూచోలేదు. "బాబూ, ఒటూ మాట నేను నమ్మను. నువ్వు పక్కనే ఉన్నావు. మా ఆయన ముప్ఫై ఏళ్ళు నీళ్ళు పిలిచాడు, ఒక్కనాడు తప్పలేదు. నువ్వు చెప్పు, నీ మాట నమ్ముతాను. నిజంగా లెక్క తప్పాడా?" అంది.

"తప్పాడు పిన్నీ" అన్నాను.

నమ్మింది. ఆ నెల్లోనే పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ ఊరి మొహం చూళ్ళేదు.

ఏం రాస్తున్నావే? ఆ పేరు నన్నడక్కు. లే, పొగపొయ్యి మీద చేపలు మాడుతున్నాయి, వెళ్ళి తిప్పు.