వెనక తలుపు

షెడ్డులో ఆ చిన్న కారు లిఫ్టు మీంచి దిగి, అప్పుడే ఒక రౌండు తిరిగొచ్చింది. పాతదే అయినా మహా చురుకైన బండి. ఇవాళ కొత్త స్ప్రింగులు పడ్డాయి. తీసుకెళ్లడానికి బండి ఓనరు కుర్రాడు వచ్చాడు.

"అంతా బాగుంది మేస్త్రీ, రోజూ ఆఫీసుకి దీన్లోనే. కానీ మీ దగ్గరికొచ్చి వెళ్లిన ప్రతిసారీ వెనక ఎడమ తలుపుకి చైల్డ్ లాక్ పడుంటోంది. మొన్న మా బావ లోపల్నుంచి తెరవలేక నన్ను నానా మాటలూ అన్నాడు."

"అది నేనే వేస్తున్నా బాబూ."

"ఎందుకు? నాకింకా పెళ్లే కాలేదు."

"తెలుసు. అడగడానికి నోరు రాలేదు గానీ, ఈ బండి మీకు అమ్మినాయనకి పిల్లలున్నారా?"

"ఏమో. వెనక సీటు వైపు చూడకుండా తాళాలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఏమైంది?"

"పనయ్యాక ఒక రౌండు తోలి చూస్తానుగా. మలుపులో వేగం పెంచితే చాలు, ఆ తలుపు హ్యాండిల్‌ని లోపల్నుంచి టకటకా లాగుతున్నారు. పడిపోతారేమోనని భయమేసి లాక్ వేశా."

"ఎవరు మేస్త్రీ?"

"అద్దంలో ఎవరూ కనపడరు. హ్యాండిల్ మాత్రం కదుల్తుంటుంది."

"ఊరుకోండి, పొద్దున్నే భయపెట్టకండి."

"ఇవాళ కుడి తలుపుక్కూడా వేయాల్సొచ్చింది బాబూ."

కుర్రాడు వెనక సీటు వైపు తిరగబోయి ఆగిపోయాడు.

"ఇంజన్ పవర్ పెంచమన్నాను కదా... అది వద్దులెండి. మెల్లగానే తీసుకెళ్తాను."