సిగ్గుకు పద్దు లేదు

ఆదివారం మధ్యాహ్నం. సూరత్‌లోని వడోద్‌లో ఒక గది ఇల్లు. పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే నర్సింగం, కాలేజీలో చదివే అతని కూతురు సింధూజ.

"ఆగు బాపు, మొత్తం ఇను. ఇంకా బడ్జెట్ కాడికి రానే రాలే."

"ఇంటున్న గదనే. సదువు."

"'గుర్రప్పందెం రేసుకోర్సు లోపలనే గాకుంట, బయట ఊరూరికి లైసెన్సు దుకాణాలు వెట్టి కాయనిస్తె సర్కారు ఖజానాకు లాభమా, నష్టమా?' గిదీ టాపిక్. రేపు కాలేజీల డిబేట్. చీటీలు తీసిండ్రు. నాకు లాభం అనే దిక్కు వచ్చింది."

"సదువుకునే పిల్లలకు గుర్రాల ముచ్చటేందే? మీ సార్లకు వేరేది ఏం దొరకలేదా?"

"పబ్లిక్ ఫైనాన్స్ బాపు. సర్కారుకు పైసలు ఎట్లొస్తయ్, ఎట్ల పోతయ్, గదీ. నేను గుజరాతీల రాసుకున్న, నీకు మన భాషల చెప్త. సహీ ఉందో లేదో చెప్పు, బస్."

"నాకేం తెలుస్తది? ఆరో తరగతి కాడనే ఆగినోన్ని. మీ అమ్మ వచ్చినంక ఆమెకు వినిపియ్యి."

"అమ్మ రాళ్లు అతికిచ్చిన చీరలు ఇచ్చొస్తనని పోయింది. ఎప్పుడొస్తదో ఏమో. ఇను. ఇప్పుడు పందెం అంత చాటుకు నడుస్తుంది. బుకీ ఒక్క రూపాయి పన్ను కట్టడు. లైసెన్సు ఇస్తె కాసిన ప్రతి పందెం మీద సర్కారుకు వాటా వస్తది. దుకాణపోని కాడ లైసెన్సు ఫీజు వస్తది. పోలీసోళ్లు బుకీల ఎనక ఉరుకుడు తప్పుతది, గా ఖర్చు మిగులుతది. గా పైసలతోని దవాఖానలు కట్టొచ్చు, స్కూళ్లు కట్టొచ్చు. ఎట్లుంది?"

"మంచిగుంది."

"మొఖం గట్ల వెట్టి మంచిగుందంటే?"

"మంచిగుందంటున్న గదా! లే, లేచి అన్నం తిను."

"తిన్న. ఒక్క డౌట్ ఉంది, అయిపోతది. 'విన్' అని కాస్తరు సూడు, మన గుర్రం మొదటి మూడిట్ల ఏదో ఒకటైతే సాలు గదా?"

"అరె, గది విన్ గాదే, ప్లేస్. విన్ అంటే ఫస్టే రావాలె. ఉరికే గుర్రాలు తక్కువుంటె ప్లేస్ గూడ రెండిటికే ఇస్తరు."

"బాపు?"

"ఆఁ."

"గిదంత నీకెట్ల ఎరుక?"

"కార్ఖాన్ల అందరు మాట్లాడుకుంటరు. చెవుల పడ్తది."

"కార్ఖాన్ల సాంచల సప్పుడుకు పక్కోడు మొత్తుకున్నా వినవడదని నువ్వే అంటవ్."

"చాయ్ కాడ. చాయ్ తాగేటప్పుడు మాట్లాడుకుంటరు."

"అచ్ఛా. అయితే ఒకటి అడుగుత. లైసెన్సు దుకాణం తెరిస్తె బుకీ కాడికి పోయెటోళ్లందరు దాంట్లకే వస్తరు గదా? నా లెక్కంత దాని మీదనే నిలవడ్డది."

"రారు."

"ఎందుకు?"

"దుకాణపోడు పన్ను పట్టుకొని ఇస్తడు. బుకీ పట్టుకోడు. చేతుల పైస లేకున్నా పేరు రాసుకుంటడు. చెవుల ఒక్క మాట చెప్తె పని అయితది. ఆన్ని ఇడిసిపెట్టి లైన్ల నిలవడి పన్ను కట్టుకుంట ఎవడు కాస్తడే?"

"మరి దుకాణంల కాసేదెవలు?"

"కొత్తోళ్లు. ఇప్పటిదాక ఎన్నడు కాయనోళ్లు."

"అయితేంది, గది గూడ ఆదాయమే గదా!"

"ఏం ఆదాయమే? గా పైసలు పైకెల్లి పడ్తయా? కిరాణంల సబ్బు కొనే పైసలు, పిల్లలకు బట్టలు కొనే పైసలు. వాటి మీద సర్కారుకు ఇప్పుడు పన్ను వస్తలేదా? గది తగ్గదా? మల్ల పోగొట్టుకున్నోడు తాగుతడు, పెండ్లాన్ని కొడ్తడు, దవాఖానకు పోతడు, పోలీసు టేషన్‌కు పోతడు. గా ఖర్చు ఎవలిది? గది రాసినవా నువ్వు?"

"రాయలే. అవుతలి దిక్కోళ్లు గదే అంటరని మా మేడం చెప్పింది. అచ్చం నీ లెక్కనే చెప్పింది. బాపు, ఇటు సూడు."

"ఏం సూడాలె?"

"నా మొఖం సూడు. నువ్వు కాస్తవా?"

"తండ్రితోని మాట్లాడే మాటలేనా గవి!"

"అవునో కాదో చెప్పు."

"ఎప్పుడో. ఒకసారో రెండుసార్లో."

"ఒకసారా? రెండుసార్లా?"

"సింధూ..."

"మానినవా?"

"మానిన."

"నా మీద ఒట్టు వెయ్యి."

"గట్ల ఒట్లెందుకే? మానిన. ఇంచుమించు మానిన."

"ఇంచుమించు అంటే ఏంది?"

"పోయిన నెల ఒక్కసారి. చిన్న పందెమే."

"ఛీ, బాపు! గుర్రాల గురించి నీకేం తెలుసని కాసినవ్? నిజం గుర్రాన్ని ఎన్నడన్న దగ్గరికెల్లి సూసినవా?"

"పెండ్లి బరాతుల సూసిన."

"మరి దేన్ని సూసి కాస్తవ్?"

"నవ్వుతవ్ నువ్వు."

"నాకు నవ్వొస్తలేదు. చెప్పు."

"సాంచలను సూసి. నా మీద పన్నెండు సాంచలున్నయ్ గదా, ఒకటి నుంచి పన్నెండు దాక నంబర్లు. పొద్దుగాల్నుంచి ఏ సాంచ దారం తెగకుంట నడిస్తె, గా నంబరు గుర్రం మీద కాస్త. గంత పొద్దు దారం తెగలేదంటె గా నంబరు నసీబు మంచిగున్నట్టు గదా అని."

"గుర్రానికి సాంచకు ఏం సంబంధం బాపు?"

"ఏం లేదు. నాకూ ఎరుకే. మొదటిసారి గట్లనే కాసిన, గెలిచిన. గదే నా కొంప ముంచింది."

"ఎంత పోయింది మొత్తం?"

"పైసల లెక్క అడుగకు బిడ్డా. పైసలతోనే పోతే బాగుండు."

"మరేం పోయింది?"

"మీ అమ్మమ్మ సావు పోయింది."

"ఎల్లవ్వ అమ్మమ్మనా? మనకు ఊరికి పోయెతందుకు ఛుట్టీ దొరకలే. మేస్త్రి లింగమూర్తి పెద్దబాపు ఇయ్యనన్నడు. దాంట్ల గుర్రాలెక్కడియ్?"

"ఇచ్చిండు."

"ఏంది?"

"ఛుట్టీ ఇచ్చిండు లింగమూర్తన్న. పది దినాలు. శేఠ్ కాడికి తనే పోయి, రైలుకు ఖర్చులకు అని పైసలు గూడ తెచ్చి నా చేతుల వెట్టిండు. 'జల్ది పో నర్సింగం, రాజమ్మ ఏడుస్తుంటది' అన్నడు."

"మరి మనం ఎందుకు పోలే?"

"గా దినం ఏడో నంబరు సాంచ... పొద్దున్నుంచి ఒక్క దారం తెగలే. మీ మామ ఫోన్ చేసి సావుకబురు చెప్పినప్పుడు గూడ గది నడుస్తనే ఉంది. అత్తనే దీవెన ఇస్తుందనుకున్న. నిజంగనే గట్ల అనుకున్న, సింధూ. సూరత్ అల్లుడు వస్తుండంటె ఊరంత ఎదురుసూస్తది. పీనుగకు కొత్త చీర కప్పాలె. దినాలకు నలుగురికి అన్నం పెట్టాలె. తెచ్చిన పైసలు రైలుకు, దారి ఖర్చుకే సరిపోతయ్. రైలు సాయంత్రం. రేసు రెండింటికి. నడుమ టైం ఉండె."

"మొత్తం పెట్టినవా?"

"మొత్తం."

"ఏమైంది?"

"ఆఖర్ల వచ్చింది."

"ఇంటికొచ్చి మేస్త్రి మీద చెప్పినవ్."

"నోటికి గదే వచ్చింది. పైసలేమైనయని మీ అమ్మ అడుగుతదని... ఛుట్టీనే దొరకలేదంటె పైసల మాటనే రాదు గదా అని."

"అమ్మ ఒక్కతే పోతనన్నది. నాకు యాదికుంది. సంచిల చీరలు గూడ వెట్టుకున్నది."

"నీకు పరీక్షలున్నయని ఆపిన."

"నా పరీక్షలు అడ్డం వెట్టినవ్! నా మూలాన అమ్మ తన తల్లి మొఖం సూడలేదని నేను రెండేండ్ల సంది కుములుతున్న. నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊకున్నవా?"

"షరం బిడ్డా, సిగ్గు. గా దినం చెప్పకపోతి, తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి ఇంకింత షరమైంది. ఇగ రోజుకింత పెరుగుకుంటనే పోయింది. నీకన్న ముందు నాకే నా మొఖం సూడబుద్ధి అయితలేదు."

"అమ్మ పెద్దబాపు ఇంటి ముందటికి పోయి దుమ్మెత్తిపోసింది. గల్లీ అంత నిలవడి సూసింది. 'నీ తల్లి సచ్చిననాడు నువ్వు గూడ గిట్లనే ఆగిపోతవ్' అని శాపం వెట్టింది. నేను గూడ అమ్మ పక్కకు నిలవడి నోటికొచ్చింది అన్న. నువ్వేడున్నవ్ గప్పుడు?"

"మీ ఎనుకనే ఉన్న."

"పెద్దబాపు ఎదురు తిరుగలేదు. మాకు గదే యాదికుంది, తల దించుకొని ఒప్పుకున్నడని."

"దించుకునే ముందు నా దిక్కు సూసిండు. ఒక్కసారే. నేను చెప్తనేమో అని సూసిండు. నేను చెప్పలే. గప్పుడు అన్నడు, 'అవు రాజమ్మా, నేనే ఇయ్యలే, తప్పు నాదే' అని."

"నీ కోసం అబద్ధమాడిండా?"

"నా కోసమే. తెల్లారి కార్ఖాన్ల గూడ ఒక్క మాట అడుగలే. తిట్టినా బాగుండు. రోజు నా సాంచల నడుమకెల్లి పోతడు, దారం సూస్తడు, నూనె పొయ్యమంటడు, పోతడు. ఆయన పోయేదాక నేను తల ఎత్త."

"నాకొద్దు గీ డిబేట్."

"ఏయ్, కాయితాలు చింపకు! రాత్రంత కూసోని రాసినవ్."

"రేపు గిది సదివి ఏం చెయ్యాలె? లాభం, లాభం అని చప్పట్లు కొట్టిచ్చుకోవాల్నా?"

"అను. చీటీల వచ్చింది అనాలె. గని ఒక్క మాట విను. ఇప్పుడు బుకీ కూసునే పాన్ దుకాణం, గా గల్లా కాడికి నేను అటుఇటు సూసుకుంట పోత. మన తెలుగోడు ఒక్కడు కనవడ్డా పాన్ కొనుక్కొని మర్లి వస్త. నాల్గుసార్లు పోతే మూడుసార్లు గట్లనే ఆగిన. రేపు సర్కారే బోర్డు వెట్టి, లైటు వెట్టి, కుర్చీ వేసి రమ్మంటె నేను ఎవన్ని సూసి సిగ్గుపడాలె? నన్ను ఆపుతున్నది పోలీసోడు గాదు, గా సిగ్గే. మీ బడ్జెట్ల దానికేమన్న పద్దు ఉందా?"

"లేదు."

"మరి నీ లెక్క తప్పు."

"గా దినం ఆపిందా బాపు, నీ సిగ్గు?"

"లే. ఆపలే."

"గల్లా కాడ గాదు, అమ్మ ముందట సిగ్గుపడు. ఇయ్యాల్నే అమ్మకు చెప్పు."

"ఎట్ల చెప్పాల్నే? ఏ నోటితోని చెప్పాలె? ఆమె తల్లి పీనుగ మీద పందెం కాసినోన్ని నేను."

"గీ మాటే చెప్పు. నువ్వు చెప్పకపోతె నేను చెప్త. లింగమూర్తి పెద్దబాపు పెండ్లాం సారక్క పెద్దమ్మతోని అమ్మ మాట ఇడిసి రెండేండ్లాయె. పండుగ పూట గూడ ఆ ఇంటి గడప తొక్కదు. పెద్దమ్మ ఎదురొస్తె అమ్మ అవుతలి దిక్కు మర్లుతది. ఏ తప్పు చెయ్యనోళ్ల మీద గింత కోపం... అమ్మా!"

"మెల్లగ మాట్లాడే. మెట్ల దాక వినవడుతుంది."

"ఎప్పుడొచ్చినవ్?"

"మీ అమ్మమ్మ పేరు వినవడ్డప్పుడే వచ్చిన. తలుపు అవుతల్నే నిలవడ్డ."

"రాజమ్మా, నేను నీకు..."

"నువ్వు జర ఊకో. సింధూ, సారక్క మీద నాకు కోపమని ఎవలన్నరే? నేను తిట్టొచ్చిన మూడో దినమే ఆమె నన్ను పక్కకు పిలిచి, ఛుట్టీ సంగతి, పైసల సంగతి అంత జెప్పింది. లింగమూర్తి బావ కాళ్లు మొక్కుదామని ఆయన ఇంటి దాక పోయిన. గని నాది తప్పయిందంటె, మరి తప్పెవలిదని గల్లీ అడుగుతది. మీ బాపు ఇజ్జత్ పోవద్దని, గంత మంచి మనిషిని తిట్టిన తిట్లు గట్లనే ఉంచి మర్లొచ్చిన. గందుకే సారక్క ఎదురొస్తె మొఖం తిప్పుకుంటున్న, కోపానికి గాదు."