కుడి కిటికీ ఖాళీ అయిన ఉదయం

మా మేడమ్ ఈ శ్రవణ గ్రంథాలయంలో టైపిస్టుగా ఉద్యోగంలో చేరినది ఒక మార్చి మూడో తేదీన. సరిగ్గా పదిహేడేళ్ల తర్వాత, మళ్లీ మార్చి మూడో తేదీనే, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు పాఠాలను బడులకు చేరవేసే పంపకాల గదిలో ఫోను మోగింది. అవతల అంధ విద్యార్థుల పాఠశాల ప్రధానోపాధ్యాయిని.

"ఏమ్మా, మా పిల్లలకి పాఠాలు ఒక్కటీ వినపడటం లేదు! పదకొండు రోజుల్లో పరీక్షలు పెట్టుకుని ఇదేం చోద్యం?"

ఫోనెత్తిన ఆపరేటరు కంప్యూటరు తెర వైపు చూసింది. ఫైళ్లు పంపే ప్రోగ్రాంలో రెండు కిటికీలు పక్కపక్కనే ఉంటాయి. ఎడమ కిటికీలో మన దగ్గరున్న ఫైళ్లు, కుడి కిటికీలో ఎక్కడో దూరాన సర్వరులో, పిల్లలు వినే చోట ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. నిన్నటిదాకా కుడి కిటికీలో రెండు వందల పద్నాలుగు పాఠాలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పైన మెనూలు ఉన్నాయి, కింద పనుల చిట్టా, అదే లాగ్, ఉంది, మధ్యలో సున్నం వేసిన గోడలా తెల్లగా ఖాళీ.

పదకొండు కొట్టేసరికి అప్పటి డైరెక్టరు గారు పంపకాల గదిలో నిలబడి ఉన్నారు.

"ఈ మెషీను ముందు కూర్చునేదెవరు?"

అందరి చూపులూ ఆపరేటరు మీద పడ్డాయి. ఆమె కాంట్రాక్టు ఉద్యోగిని. ఇంటికంతా ఆమె ఉద్యోగమే ఆధారం. ఆ నెలాఖరుకే కాంట్రాక్టు పునరుద్ధరణ కావలసి ఉంది.

"నేనేం చెయ్యలేదు సార్. రోజూ పొద్దున్నే నొక్కేదే నొక్కాను."

"రోజూ నొక్కేదే నొక్కితే రోజూ పోవాలిగా? ఇవాళే పోయాయేం?"

డైరెక్టరు గారు మేడమ్ వైపు తిరిగారు. అప్పటికి ఆమె సీనియర్ అసిస్టెంటు. పంపకాల విభాగం బాధ్యత ఆమెదే.

"పన్నెండింటికల్లా ఇది ఎవరు చేశారో నాకు కాగితం మీద కావాలి. మీరే రాయండి. ఈవిడకి ఇవాళే ఆఖరి రోజని కూడా అందులోనే రాసెయ్యండి."

ఆయన వెళ్లిపోయారు. ఆపరేటరు మేడమ్ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నిజంగా నేనేం చెయ్యలేదక్కా."

"ఏడవకు. ముందు కుర్చీ ఖాళీ చెయ్యి," అన్నారు మేడమ్.

గంట సమయం. ఒక ఉద్యోగం. మరొక సంగతి కూడా మా అందరికీ తెలుసు: మేడమ్‌కు సూపరింటెండెంటుగా పదోన్నతి ఇచ్చే ఫైలు డైరెక్టరు గారి బల్ల మీదే ఉంది. వచ్చే సోమవారమే కమిటీ. ఆయనకు నచ్చిన నివేదిక రాయడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

ఆ గంట గురించి చెప్పే ముందు, ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తి గురించి నాలుగు మాటలు చెప్పడం నా విధి. ఈ వీడ్కోలు సంచిక చదివే సహోద్యోగులలో సగంమంది ఆ తర్వాత వచ్చినవారే.

మేడమ్ చేరిన కొత్తలో పాఠాలు క్యాసెట్ల మీద వెళ్లేవి. ప్రతి క్యాసెట్టుకూ రెండు చీటీలు: చూపున్న ఉపాధ్యాయుల కోసం టైపు చేసినది ఒకటి, వేళ్లతో చదువుకునే విద్యార్థుల కోసం బ్రెయిలీ చుక్కలు పొడిచినది మరొకటి. చుక్కలు పొడవడం ఆమె ఉద్యోగ బాధ్యతలలో లేదు. అయినా భోజన విరామాలలో కూర్చుని ఆరు నెలల్లో నేర్చుకున్నారు. తర్వాత సీడీలు వచ్చాయి. ఆమె చేరిన పన్నెండో ఏట ఈ ప్రోగ్రాం వచ్చింది. దానిని అమర్చడానికి వచ్చిన ఇంజనీరు గంటసేపు మౌసు గిరగిరా తిప్పి, "చాలా సింపులండీ," అని చెప్పి బండెక్కేశాడు. మిగిలిన మేమందరం ఆ తెర ముందు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నాం.

మేడమ్ ఒక నోటుపుస్తకం తెరిచారు. మెనూలు ఒక్కొక్కటే దించి, ప్రతి ఆదేశాన్నీ ఒక పనికిరాని ఫైలు మీద ప్రయోగించి, ఏం జరిగిందో రాసుకున్నారు. నలభై రోజులు పట్టింది. ఆ తర్వాత మాకు చెప్పిన పాఠం నాకింకా చెవుల్లో ఉంది.

"ఎడమ కిటికీ పుట్టిల్లు, కుడి కిటికీ అత్తిల్లు అనుకోండి. అప్‌లోడ్ అంటే పుట్టింటి నుంచి సామాను పంపడం. పుట్టింట్లో ఒకటి మిగులుతుంది, అత్తింటికి ఒకటి చేరుతుంది. ఇంతవరకు సుఖం. ఈ సింక్రనైజ్ ఉందే, ఇది వేరు. రెండిళ్లూ అచ్చం ఒకేలా ఉండాలంటుంది. పుట్టింట్లో లేని చెంచా అత్తింట్లోనూ ఉండకూడదంటుంది. ఉంటే బయట పారేస్తుంది."

"అయితే అది ఆడపడుచు మేడమ్," అన్నాడు మా డ్రైవరు గుమ్మంలోంచి.

"కాదు బాబూ. ఆడపడుచు అడక్కుండానే పారేస్తుంది. ఇది పారేసే ముందు తెర మీద ఒక ప్రశ్న పెట్టె తెరిచి అడుగుతుంది. ఆ పెట్టెలో ఏముందో చదివి అవునో కాదో చెప్పాలి."

ఇప్పుడు ఆ గంటలోకి వద్దాం.

మేడమ్ కుర్చీలో కూర్చుని ముందుగా చేసిన పని నేరస్థుణ్ణి వెతకడం కాదు. మన దగ్గర పాఠాలు ఎక్కడున్నాయో వెతికారు. ఎడమ కిటికీలో ఉండవలసిన ఫోల్డరు కూడా ఖాళీగా ఉంది. కానీ కొత్తగా వచ్చిన డిస్కులో నూట తొంభై ఒక్క పాఠాలు భద్రంగా కనిపించాయి. వాటిని అప్పటికప్పుడే కుడి కిటికీలోకి పంపడం మొదలుపెట్టారు. తెర కింద వరుసలో పాఠాలు ఒకదాని వెనుక ఒకటి కదిలాయి. మిగిలిన ఇరవై మూడు మాత్రం పోయినట్టే. అవి స్వచ్ఛంద పాఠకులు ముందురోజు తమ ఇళ్ల నుంచి నేరుగా కుడివైపుకే పంపినవి. మన దగ్గరా వారి దగ్గరా ప్రతులు లేవు.

"ఇరవై మూడూ మళ్లీ చదివించాలి. ఎన్ని రోజులు పడుతుంది?" అని నన్నడిగారు. నేను అప్పుడూ ఇప్పుడూ రికార్డింగు గది వాణ్ణే.

"నాలుగు రోజులు, మేడమ్. గొంతులు దొరికితే."

"దొరుకుతాయి. ఫోన్లు నేను చేస్తాను."

ఆ తర్వాతే లాగ్ తెరిచారు. ప్రోగ్రాం తాను చేసిన ప్రతి పనినీ గంటా నిమిషాలతో సహా కింద గడిలో రాసుకుంటుంది. అప్పటికే మేమందరం దానిని చూసి ఉన్నాం. తొమ్మిదీ యాభైకి ఆపరేటరు కంప్యూటరు నుంచి సింక్రనైజ్. తొమ్మిదీ యాభై ఒకటి నుంచి వరుసగా రెండు వందల పద్నాలుగు తొలగింపులు. ఇంకేం కావాలి? మేము అక్కడే ఆగిపోయాం.

మేడమ్ కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. తొలగింపుల పైకి, సింక్రనైజ్ పైకి, ఆ ఉదయం పైకి.

"పొద్దున నువ్వు నొక్కినప్పుడు పెట్టె వచ్చిందా?" అని ఆపరేటరును అడిగారు. "రెండు వందల పద్నాలుగు ఫైళ్లు తొలగించమంటారా అని?"

"రాలేదక్కా. వస్తే నేనెందుకు ఊరుకుంటాను? కేకేసేదాన్ని కదా!"

ఆ పెట్టె అడుగున చిన్న గడి ఒకటుంటుంది: 'మళ్లీ అడగవద్దు'. దానిలో టిక్కు పెడితే ప్రోగ్రాం ఇక నోరు మూసుకుని చెప్పింది చేస్తుంది. మేడమ్ మెనూలోకి వెళ్లి సెట్టింగులు తెరిచారు. టిక్కు ఉంది. అది ఎప్పుడు పెట్టారో ఆ సెట్టింగుల ఫైలు తేదీ చెప్పింది: మార్చి రెండు, సాయంత్రం నాలుగూ ఇరవై. అదే సాయంత్రం నాలుగూ యాభైకి ఎడమవైపు పాఠాలన్నీ కొత్త డిస్కుకు తరలివెళ్లాయి.

"నిన్న మూడింటికే నేను వెళ్లిపోయానక్కా! మా చిన్నదాని స్కూలుకి. మిమ్మల్ని అడిగే వెళ్లాను," అంది ఆపరేటరు.

మేడమ్ ఒక తెల్లకాగితం తీసుకుని, మాకు వెన్ను చూపి, చేత్తోనే నివేదిక రాశారు. రాసి మడిచారు. పన్నెండుకు అయిదు నిమిషాలు ఉండగా ఆపరేటరునూ నన్నూ వెంటబెట్టుకుని డైరెక్టరు గారి గదికి బయలుదేరారు.

ఆ గదిలో జరిగినది చివర చెబుతాను. అక్కడ ఉన్నది నలుగురమే. నాకు తెలిసి మేమెవరమూ ఇంతవరకు బయట చెప్పలేదు. నెల క్రితం మేడమ్‌ను అనుమతి అడిగాను. "జరిగింది జరిగినట్టు రాస్తే రాయండి, అలంకారాలు వద్దు," అన్నారు.

తర్వాతి పదిహేడేళ్లు మీ అందరికీ తెలిసినవే. ఇరవై మూడు పాఠాలూ నాలుగో రోజు సాయంత్రానికి మళ్లీ రికార్డు అయ్యాయి. అందులో ఆరింటికి గొంతు మేడమ్‌దే. పరీక్షలు అనుకున్న తేదీకే జరిగాయి. నాటి ఆపరేటరు నేడు పంపకాల విభాగానికి బాధ్యురాలు. సూపరింటెండెంటు పదవి మాత్రం మేడమ్‌కు అందవలసిన నాటికంటే మూడేళ్లు ఆలస్యంగా అందింది. ఎందుకని ఆమెను అడిగినవారు లేరు. అడిగినా చెప్పేవారు కారు.

ఈ పదిహేడేళ్లలోనే ఆమెకు 'ఆగండి మేడమ్' అనే పేరు స్థిరపడింది. తెర మీద ఏ పెట్టె తెరుచుకున్నా, "ఆగండి," అని, అందులోని ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి, ఆ తర్వాతే వేలు కదిపేవారు. కొత్తగా చేరినవారు చాటుగా నవ్వుకునేవారు. ఇంట్లోనూ ఇదే వరస అని వారి శ్రీవారి ఫిర్యాదు. ఒకసారి కోడలు ఫోను చేతికిచ్చి, "అత్తయ్యా, దాన్ని సరే అనెయ్యండి, పోతుంది," అందట.

"ఏం పోతుందో ముందు చదవనీ."

"ఆ పెట్టె పోతుందత్తయ్యా!"

"పెట్టెతో పాటు ఇంకేం పోతుందో!"

కళ్లజోడు తెప్పించుకుని మొత్తం చదివారట. అది ఫోనులోని ఫొటోలన్నీ చెరిపేస్తానంటున్న పెట్టె. మనవరాలి మొదటి అడుగులు ఆ ఫొటోలలోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి కోడలు కూడా చదివే నొక్కుతోందని విన్నాను.

ముప్పై నాలుగు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్‌కు, పక్కపక్కన పనిచేసిన మా అందరి తరఫున హృదయపూర్వక అభినందనలు. ఆమె పంపగా విని చదువుకున్న పిల్లలలో ఉపాధ్యాయులైనవారు ఉన్నారు, న్యాయవాదులైనవారు ఉన్నారు. వారి శుభాకాంక్షలు కూడా వీటికి జత అవుగాక. ఇన్నేళ్లు తాను పంపడమే తప్ప తీరుబడిగా వినని పాఠాలను ఇకనైనా కాలు చాపుకుని వినాలని, మంచి చూపుతో, మంచి నిద్రతో, భర్తతోనూ పిల్లలతోనూ మనవరాలితోనూ ఆమె నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక ఆ గది.

డైరెక్టరు గారు తల ఎత్తలేదు. "రాశారా?"

మేడమ్ మడిచిన కాగితం బల్ల మీద పెట్టారు.

"చదివే టైము లేదు. నోటితో చెప్పండి. ఈవిడేనా?"

"ఈవిడ నొక్కింది సార్. నేర్పినట్టే నొక్కింది. చెరిపే ముందు ప్రోగ్రాం ఈవిణ్ణి అడగాలి. అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"అడగొద్దని నిన్న సాయంత్రం ఒకరు దానికి చెప్పారు. పాత ఫైళ్లు సర్దుతుంటే ప్రతిదానికీ పెట్టె లేస్తోందని విసుగొచ్చి టిక్కు పెట్టేశారు. తర్వాత పాఠాలు కొత్త డిస్కుకి మార్చారు. మార్చినట్టు ఈవిడకి చెప్పడం మర్చిపోయి ఇంటికెళ్లిపోయారు. పొద్దున ఎడమవైపు ఖాళీ. రెండువైపులా ఒకేలా ఉండాలి కాబట్టి కుడివైపూ ఖాళీ అయిపోయింది."

"అంటే ఈవిడ తప్పు లేదా?"

"వీసమెత్తు లేదు సార్."

డైరెక్టరు గారు కలం కింద పెట్టారు. ఆయన మోచేతి కింద ఫైళ్ల దొంతర ఉంది. పై నుంచి రెండోది పదోన్నతి ఫైలు. దాని అట్ట మీది అక్షరాలు నేను నిలబడిన చోటికి కూడా కనిపిస్తున్నాయి. మేడమ్‌కూ కనిపించే ఉండాలి.

"ఎవరా మనిషి? సగం చెప్పి ఆగుతారేమిటి? పేరు చెప్పండి. వాళ్ల సంగతి ఇప్పుడే తేలుస్తాను."

ఆపరేటరు అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది. "వద్దక్కా," అంది పెదవులతోనే.

మేడమ్ చీర కొంగు సర్దుకున్నారు. తన పేరు, తన హోదా, ఉద్యోగంలో చేరిన తేదీ, మూడూ ఒకదాని తర్వాత ఒకటి, చీటీ మీద టైపు చేసినంత స్పష్టంగా పలికారు.

"రాసుకోండి సార్," అన్నారు. "నేనే."