సంత శిలువ దగ్గర చెప్పే కథ

హార్ల్‌బీలో గురువారం సంత ముగిసింది. రాతి శిలువ కింద చీజ్ అమ్మే ముసలామె బల్ల తుడుచుకుంటుంటే, యాత్రికులకు ఊరు చూపించేవాడు వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇవాళ నా కథకి నవ్వలేదేం?"

"ఏ కథ?"

"అదే, రెండొందల ఏళ్ళ కిందట ఒకడు పెళ్ళాం మెడకి పలుపేసి ఈ సంతకి తోలుకొచ్చి, టౌజర్ అనే కుక్కకీ, లోటాడు బీరుకీ అమ్మేశాడని."

"ఆవిడ మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మ."

"అయ్యయ్యో! పన్నెండేళ్ళుగా మీ ఎదురుగానే చెబుతున్నా. మీరూ నవ్వేవారుగా!"

"అందరూ నవ్వుతుంటే, మాదని చెప్పుకోడానికి సిగ్గేసి నవ్వాను. ఇవాళ మా మనవరాలు కూడా నవ్వింది."

"తప్పయిపోయిందమ్మా. ఇకమీదట పేరు పెట్టి మర్యాదగా చెబుతాను. ఆవిడ పేరేంటి?"

"ఇప్పుడా అడగడం? కుక్క పేరు మాత్రం మొదటి రోజే కనుక్కున్నావు."